రూజ్ పార్కు: హద్దురాయి కనపడని అడవి

మా అమ్మాయి వాళ్లుండేది టొరంటోని ఆనుకుని ఉన్న మార్కమ్‌లో. 2025 మే నెలాఖరులో వచ్చి అక్టోబరు రెండో వారం దాకా ఉన్నాను. ఆ నాలుగున్నర నెలల్లో రూజ్ నేషనల్ అర్బన్ పార్కుకి పదకొండుసార్లు వెళ్లాను. నయాగరాకి ఒకసారి, సీఎన్ టవర్‌కి ఒకసారి వెళ్తే చాలనిపించింది. రూజ్ మాత్రం తనివి తీరలేదు. పిల్లల దగ్గరికి కెనడా వచ్చే మన పెద్దవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

టికెట్టు లేదు. గేటు దగ్గర నిలబెట్టి అడిగేవాళ్లు లేరు. 79.1 చదరపు కిలోమీటర్ల పార్కు, మన లెక్కలో సుమారు 19,500 ఎకరాలు. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు తెలిసినవాళ్లకి ఇలా చెప్తాను: అలాంటివి ఇందులో యాభైకి పైగా పడతాయి. దక్షిణాన అంటారియో సరస్సు ఒడ్డున ఇసుకలో మొదలై, ఉత్తరాన ఓక్ రిడ్జెస్ మొరేన్ అనే గుట్టల దాకా పోతుంది. కొంత టొరంటో నగరంలో ఉంది, కొంత మార్కమ్‌లో, కొంత పికరింగ్‌లో, కొసన కొంచెం అక్స్‌బ్రిడ్జ్‌లో. రూజ్ అంటే ఫ్రెంచిలో ఎరుపు. నది గట్లు ఎర్రమట్టి కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. మా వైపయితే ఎర్రవాగు అనేసేవాళ్లం.

మొదటిసారి ఫోన్‌లో మ్యాప్ చెప్పినట్టే పోయి, ఎవరిదో మొక్కజొన్న చేను గేటు దగ్గర తేలాం. అమ్మాయి టెన్షన్ పడింది, ఎవరైనా వచ్చి ఏమంటారో అని. తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ చేను కూడా పార్కే. దీనికి ఒక ద్వారం, ఒక ప్రహరీ ఉండవు. అడవి, పొలం, చిత్తడి నేల, ఊరి రోడ్లు, కరెంటు లైన్లు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందుకని 'రూజ్ పార్కు' అని కొట్టి బయల్దేరకండి. ఏ కాలిబాటకి వెళ్తున్నారో దాని పేరు కొట్టండి. కొత్తవాళ్లు టొరంటో జూ పక్కన మొదలుపెట్టడం మంచిది. విస్టా ట్రెయిల్ అక్కణ్ణించే మొదలవుతుంది. నాకు 67 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి ఉంది. అయినా ఆ బాట ఇబ్బంది పెట్టలేదు.

విస్టా బాటలో ఒక చెక్క మంచె ఉంది. దాని మీద నిలబడితే కింద లోయ, లోయలో లిటిల్ రూజ్ వాగు, కంటికి ఆనినంత మేరా చెట్లు. మొదటిరోజు అక్కడ అరగంట కూర్చున్నాను. చుట్టూ డెబ్భై లక్షల మంది బతికే మహానగర ప్రాంతం, కళ్లెదురుగా ఒక్క కప్పు కూడా కనపడదు. గాలి ఆగినప్పుడు మాత్రం దూరంగా హైవే హోరు వినపడుతుంది. సరస్సుకి దగ్గర్లో ఉన్న దక్షిణం వైపు ఆ హోరు ఇంకా ఎక్కువ. 401 హైవే పార్కుని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఈ పార్కుకి నేనిచ్చే మార్కులు అయిదుకి నాలుగున్నర, ఆ అర మార్కు తగ్గించానంటే ఈ హోరు వల్లే.

మాస్ట్ ట్రెయిల్ నాకు బాగా నచ్చిన బాట. రెండువందల ఏళ్ల కిందట ఓడల స్తంభాల కోసం ఇక్కడి పొడుగాటి పైన్ చెట్లు కొట్టి దుంగలు లాక్కుపోయిన దారి అది. ఎక్కుడు ఉంది కాబట్టి కర్ర పట్టుకోండి. బాట పక్కన పడిపోయిన చెట్టుని పడినట్టే వదిలేశారు. ఒక మాను మీద నాచు, నాచులో వేలెడు లేని హెమ్లాక్ మొలకలు ఆరో ఏడో వరసగా లేచి ఉన్నాయి. మా మనవరాలు ఒక్కోదాన్నీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. వాన పడ్డ మర్నాడు వెళ్తే ఆ మాను నుంచి పుట్టగొడుగు వాసన వచ్చేది.

ఇంక నేను ఎందుకు ఈ పార్కు చుట్టూ ఇన్నిసార్లు తిరిగానో చెప్పాలి.

నేను 31 ఏళ్లు సర్వే శాఖలో చేశాను. ఎక్కువ భాగం మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం వైపు, అంటే నల్లమల అంచున. నా ఉద్యోగంలో సగం అటవీ శాఖతో కలిసి చేసే జాయింట్ సర్వేలే. వాళ్ల హద్దు రాళ్ల కుప్ప ఒకచోట ఉంటుంది, మా ఎఫ్.ఎం.బి.లో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, గీత ఇంకోచోట పోతుంది. మధ్యలో ఉన్న నలభయ్యో యాభయ్యో ఎకరాలు ఎవరివో తేలదు. రిజర్వు అడవి చేయబోతున్నామనే సెక్షన్ 4 నోటిఫికేషన్ అయిపోయి ఉంటుంది, అది అడవే అని ఖాయం చేసే సెక్షన్ 15 రాదు. ఫైలు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి తిరుగుతూనే ఉంటుంది. ఒక మండలంలో అయితే నేను జూనియర్‌గా గొలుసు పట్టిన ఫైలు మీదే, సీనియర్‌గా మళ్లీ నోట్ రాశాను. ఆ మధ్యలో ఆ భూమిలో ఉన్న చెట్లు పోయాయి. అందుకే ఈ పార్కు కోసం ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి వేల ఎకరాలు ధారాదత్తం చేసిందంటే, ఆ కాగితాలు ఎలా నడిచాయో తెలుసుకోకుండా ఉండలేను. వేసవిలో పార్కు సిబ్బంది ఉచితంగా తిప్పి చూపించే నడకలు ఉంటాయి. వాటిలో మూడింటికి వెళ్లి, ప్రతిసారీ మ్యాప్ దగ్గరే ఆగిపోయి అడిగాను. మిగతాది అమ్మాయి చట్టాలూ ప్రకటనలూ ప్రింట్ తీసి ఇస్తే ఇంట్లో కూర్చుని చదివాను.

ఈ నేల మొదట ఒకరిది కాదు. కొంత రాష్ట్రానిది, అంటే ఇక్కడ ప్రావిన్స్ అంటారు. కొంత నగరాలది, కొంత వాగులూ లోయలూ కాపాడే ప్రాంతీయ సంస్థది, కొంత కేంద్ర ప్రభుత్వానిది. స్థానికులు 1970ల నుంచీ లోయని కాపాడమని పోరాడితే, 1995లో అంటారియో రాష్ట్రం రూజ్ పార్కు అని ప్రారంభించింది. అయితే ఇంతమంది యజమానుల మధ్య ఎవరి చెయ్యి పైనా ఉండేది కాదు, చేతిలో డబ్బూ అంతంత మాత్రమే. 2011లో కేంద్రం దీన్ని జాతీయ పార్కుగా చేస్తామంది. 2012లో పదేళ్లకి 14 కోట్ల 37 లక్షల డాలర్లు పెట్టింది. 2013లో రాష్ట్రం, కేంద్రం ఒప్పందం రాసుకున్నాయి. ఇక్కడిదాకా అందరూ చేసేదే. ఒప్పందాలు మేమూ చాలా చూశాం.

అసలు కథ తర్వాత జరిగింది. 2014లో కేంద్రం తెచ్చిన బిల్లు చూసి అంటారియో ప్రభుత్వం మా భూమి ఇవ్వం అని మొరాయించింది. డబ్బు కోసం కాదు. మా పాలనలో ఈ అడవికి ఉన్న రక్షణ కన్నా మీ చట్టంలో ఉన్న రక్షణ తక్కువ, అది సరిచేస్తేనే సంతకం పెడతాం అంది. 2015 మేలో చట్టం అమల్లోకి వచ్చినా రాష్ట్రం భూమి రాలేదు. రెండేళ్లు అలా నడిచింది. 2017 జూన్‌లో కేంద్రం చట్టాన్ని సవరించింది. పార్కు నిర్వహణలో ప్రకృతి వ్యవస్థ చెక్కుచెదరకుండా కాపాడటం, దెబ్బతిన్నచోట పునరుద్ధరించడం, ఇవే అన్నిటికన్నా ముందు అని అందులో రాశారు. ఆ ఏడాదే అంటారియో భూములు బదిలీ అయ్యాయి.

నా సర్వీసులో సంతకం పెట్టని అధికారులని చాలామందిని చూశాను. ఫైలు తన టేబుల్ మీద నుంచి పోతే చాలు అనుకునేవాళ్లని అంతకన్నా ఎక్కువమందిని చూశాను. ఇచ్చే భూమి ఇచ్చాక ఏమవుతుందో తేల్చుకునేదాకా సంతకం పెట్టను అని ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వంతో పట్టుబట్టడం నాకు కొత్త. సహకారం అంటే అడిగిన వెంటనే తలూపడం అనుకునేవాణ్ణి. ఇచ్చేవాడు గట్టిగా అడగబట్టి పుచ్చుకునేవాడి చట్టం బాగుపడింది. విస్టా మంచె మీద కూర్చుని కింద లోయ చూసినప్పుడల్లా నాకు ఆ రెండేళ్లే గుర్తొచ్చేవి.

కేంద్రం వైపు భూమి కథ ఇంకోలా ఉంది, అందులో బాధ కూడా ఉంది. 1972లో పికరింగ్ దగ్గర పెద్ద విమానాశ్రయం కడతామని కేంద్ర ప్రభుత్వం 18,600 ఎకరాలు సేకరించింది. రైతులు ఇళ్లు, పొలాలు వదులుకోవాల్సి వచ్చింది. జనం తిరగబడ్డారు. 1975లో పని ఆగిపోయింది, భూమి మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. మా ప్రాజెక్టు నిర్వాసితులని చూసినవాణ్ణి కాబట్టి ఇది చదువుతుంటే గుండె పట్టేసినట్టయింది. తమ తాతల పొలానికే తాము కౌలు కట్టుకుంటూ బతికిన కుటుంబాలున్నాయి. ఆ భూమిలోంచి 2015 ఏప్రిల్‌లో 19.1 చదరపు కిలోమీటర్లు పార్కుకి బదిలీ చేశారు. ఆ జులైలో ఇంకో 21 చదరపు కిలోమీటర్లు ఇస్తామని ప్రకటించారు. అలా పార్కు 58 నుంచి 79 అయింది. అంటే విమానాశ్రయానికి తీసుకున్న నేలలో సగానికి పైగా పార్కులో కలిసింది. 2025 జనవరిలో, నేను రావడానికి నాలుగు నెలల ముందు, ఇక ఆ విమానాశ్రయం కట్టబోమని కేంద్రం తేల్చేసింది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కూడా పార్కుల శాఖకి ఇవ్వాలన్న ఆలోచన చెప్పింది.

పార్కులో చేలు ఎందుకున్నాయని మొదటిరోజు మేం ఆశ్చర్యపోయిన దానికి జవాబు ఇదే. పార్కు వచ్చినప్పుడు అక్కడ కౌలుకి చేస్తున్న రైతులని ఖాళీ చేయించలేదు. ఏడాది ఏడాదికీ రాసే కౌలు మీద ఎవరూ చెట్టు పెట్టరు, కంచె బాగుచేయరు. ఇప్పుడు 30 ఏళ్ల దాకా లీజు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. కౌలుకి చేసేవాళ్లు ఎవరినైనా అడగండి, ముప్పై ఏళ్ల కాగితం చేతిలో ఉంటే నేలని చూసే చూపే వేరుగా ఉంటుంది.

అయితే కాగితం మీద గీత గీస్తే అయిపోయినట్టు కాదు. 2022 చివర్లో అంటారియో ప్రభుత్వం పార్కు పక్కనే ఉన్న వ్యవసాయ రక్షిత భూమిని గ్రీన్‌బెల్ట్ నుంచి, అంటే ఇళ్లు కట్టకుండా కాపాడే పచ్చని పట్టీ నుంచి తీసేసి ఇళ్లు కట్టుకోవచ్చంది. పార్కు లోపల ఒక్క సెంటు తగ్గలేదు, కానీ పక్కన పొలం పోతే జింక ఎటు పోతుంది, వాన నీరు ఎటు ఇంకుతుంది? పార్కుకి నష్టం అని కేంద్ర పార్కుల శాఖ రాతపూర్వకంగా చెప్పింది. రాష్ట్ర ఆడిటర్ జనరల్ తప్పుపట్టారు, జనం ఊరుకోలేదు. 2023లో ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2014లో రక్షణ చాలదని పట్టుబట్టింది ఆ రాష్ట్రమే. ప్రభుత్వం మారితే మాట మారుతుంది. అందుకే 2017లో చట్టంలో రాయించుకున్న ఆ మాటలు నాకు బంగారంలా కనిపిస్తాయి.

మన దగ్గరికొస్తే, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే పెద్దది. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు అదీ రెండయింది. కృష్ణకి ఉత్తరాన 2,611 చదరపు కిలోమీటర్లు అమ్రాబాద్ పేరుతో తెలంగాణకి వెళ్లాయి. పులికి ఆ గీత తెలీదు, నది ఈది అటూ ఇటూ పోతూనే ఉంటుంది. రెండు ప్రభుత్వాలు ఒకే అడవిని ఒకే చేత్తో పట్టుకోవాల్సిన పని మనకీ ఉంది. రూజ్ బాటల్లో నడుస్తున్నంతసేపూ నా మనసు నల్లమలలోనే తిరిగింది.

మనవరాలికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు, దానికి తాబేలు కావాలి. బ్లాండింగ్ తాబేలు అని ఒకటుంది, గడ్డం కింద నిమ్మపండు పసుపు. 80 ఏళ్ల దాకా బతుకుతుంది, అయితే ఆడతాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పదిహేనేళ్లు దాటుతుంది. ఇక్కడ దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. టొరంటో జూలో పిల్లల్ని రెండేళ్లు పెంచి, 2014 నుంచి పార్కు చిత్తడి నేలల్లో వదులుతున్నారు. జూ నగరానిది, పార్కు కేంద్రానిది. ఎక్కడ వదులుతారో బయటికి చెప్పరు, ఎత్తుకుపోయేవాళ్లుంటారని. నడక చూపించిన అమ్మాయి చేతిలో ఒక తాబేలు డిప్ప ఉంటే మనవరాలు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, నున్నటి గుమ్మటం మీద పసుపు చుక్కలు లెక్కపెట్టింది. "తాతయ్యా, ఇప్పుడు వదిలిన పిల్ల గుడ్లు పెట్టేసరికి నేను పెళ్లి చేసుకుంటానా?" అంది. దాని వయసు ఏడు. లెక్క సరిగ్గానే వేసింది.

వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని ప్యాంటు అంచులు సాక్సులోకి దోపండి. మన పశువులకి పట్టే గోమార్ల జాతి పురుగులే ఇక్కడా ఉన్నాయి, వాటివల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఇంటికొచ్చాక మోకాలి వెనక, చెవుల వెనక చూసుకోండి. మూడాకుల తీగ ఒకటి ఉంది, పాయిజన్ ఐవీ, తగిలితే మన దురదగొండి నయమనిపిస్తుంది. నీళ్లు, తినడానికి ఏదైనా మీరే తీసుకెళ్లండి. మేం పులిహోర కట్టుకెళ్లేవాళ్లం. కారు లేనివాళ్లు రూజ్ హిల్ స్టేషన్‌లో రైలు దిగి, రూజ్ నది సరస్సులో కలిసే బీచికి నడుచుకుంటూ పోవచ్చు. టొరంటోలో మిగిలిన పెద్ద చిత్తడి నేల అక్కడే ఉంది. టెంటు వేసుకునేవాళ్లకి గ్లెన్ రూజ్ క్యాంపు ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. ఒకసారి వెళ్లేటట్టయితే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళ్లండి. మేపుల్ ఆకులు ఎర్రబడతాయి, మోచేతి పొడుగు సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి వాగుకి ఎదురీదుతూ ఉంటాయి. ఒక చేప మోకాలి లోతు కూడా లేని రాళ్ల మధ్య పక్కకి పొర్లి, తోక కొట్టి, జారిపోయి, మళ్లీ పొర్లింది. నాలుగోసారికి దాటింది. గట్టు మీద మాతో పాటు నిలబడ్డ పదిమందీ చప్పట్లు కొట్టారు.

ఆఖరిసారి ఉత్తరం వైపు వెళ్లాం, విమానాశ్రయం కోసం తీసుకున్న భూముల్లోకి. కంకర రోడ్డు, రెండువైపులా ఎండిన మొక్కజొన్న, పైన బాతుల గుంపు దక్షిణానికి పోతోంది. రోడ్డు పక్కన పాత కంచె స్తంభాలు కనపడ్డాయి. అటు స్తంభం నుంచి ఇటు స్తంభం దాకా చూస్తే కంటికి తెలిసిన కొలతలా అనిపించింది. ఈ దేశంలోనూ రెండువందల ఏళ్ల కిందట బ్రిటిష్ వాళ్లు మేం పట్టిన గంటర్ గొలుసుతోనే కొలిచారు. వంద లింకులు, 66 అడుగులు. ఊరి రోడ్డు వెడల్పు ఒక గొలుసు, రోడ్డుకీ రోడ్డుకీ మధ్య వంద గొలుసులు. మన సెంటు పుట్టింది కూడా ఆ గొలుసులోంచే. నా అంగ రెండున్నర అడుగులు, ఉద్యోగంలో వేలసార్లు సరిచూసుకున్నది. కంచె దగ్గర మడమ ఆనించి నడవడం మొదలుపెట్టాను. మనవరాలు పక్కనే నడుస్తూ పైకి లెక్కపెట్టింది. అవతలి కంచెకి బూటు ముక్కు తగిలేసరికి ఇరవై ఆరు అంది.